జబ్బు పోయింది... మరి ఈ నీరసమేంటి?

తెనాలిలో మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన రోజు ఇంట్లో పండగే. చుట్టాలందరికీ ఫోన్లు, గుళ్లో అర్చన. ‘గండం గడిచింది’ అనుకున్నారంతా. ఆర్నెల్ల తర్వాత నేను వెళ్లేసరికి పగలు పదకొండింటికి కూడా ఆవిడ మంచమ్మీదే ఉంది, గోడవైపు తిరిగి. ‘రిపోర్టుల్లో ఏమీ లేదంటున్నారే. మరి నాకెందుకిలా ఉంది?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

సంగతి ముగ్గు దగ్గర మొదలైంది. కొన్ని కీమో మందులు చేతులూ కాళ్ల చివర్లలోని నరాలను దెబ్బతీస్తాయి. వేళ్లు మొద్దుబారతాయి. అరికాళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరిని ఏళ్లతరబడి వదలదు. వేళ్ల మధ్య ముగ్గుపిండి ఎంత పట్టుకుందో పెద్దమ్మకు తెలిసేది కాదు. గీత ఒకచోట లావు, ఒకచోట తెంపు. ‘నేనేస్తాలెండి అత్తయ్యా’ అంది వదిన, ప్రేమగానే. తర్వాత వేలు తెగుతుందని కూరలు తరగడం మాన్పించారు. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియట్లేదని గుడికెళ్లడం ఆవిడే మానేసింది. చూస్తుండగానే ఆ ఇంట్లో ఆవిడకంటూ చేయడానికి పనేమీ మిగల్లేదు.

దిగులంతా జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం వల్లేననుకుంటాం. ఆ భయమూ ఉంటుంది. చెకప్ దగ్గర పడుతుంటే నిద్ర పట్టదు. కానీ 1995లో గెయిల్ విలియమ్సన్, రిచర్డ్ షుల్జ్ అనే అమెరికన్ పరిశోధకులు క్యాన్సర్ రోగులను పరిశీలించి మరో సంగతి చెప్పారు. నొప్పి మనసును కుంగదీసేది ముఖ్యంగా ఒక దారిలోనట... మనిషి రోజూ చేసుకునే పనులను మాన్పించి!

ఇక నీరసం. మనకు తెలిసిన వైద్యం ‘కాస్త పడుకో’. క్యాన్సర్ చికిత్స తర్వాత వచ్చే నీరసం ఎంత పడుకున్నా పోదు. పైగా కదలకపోతే కండ తరిగి ఇంకా పెరుగుతుంది. ముందు రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. అవి లేవంటే నడకే మందు. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున ఓ మోస్తరు వ్యాయామం చేస్తే నీరసం, ఆందోళన, కుంగుబాటు తగ్గుతాయని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఆధ్వర్యంలో నిపుణులు 2019లో తేల్చారు. మొదటి రోజే అరగంట నడవక్కర్లేదు. వీధి చివరిదాకా వెళ్లొచ్చినా చాలు.

ఆపరేషనయిన వైపు చేత్తో బిందె కూడా ఎత్తొద్దని జన్మంతా కట్టడి చేసే ఇళ్లున్నాయి. చేతి వాపు ఉన్నవాళ్లతో బిగుతు తొడుగు వేయించి, శిక్షకుల సాయంతో మెల్లమెల్లగా బరువులు ఎత్తించిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. బరువులెత్తనివాళ్లతో పోలిస్తే వాళ్లకు వాపు ఎక్కువేమీ కాలేదు. అలాగని రేపే బియ్యం బస్తా ఎత్తమని కాదు సుమా! ఫిజియోథెరపిస్టుని అడిగి మొదలుపెట్టాలి.

ఫాలో అప్‌కి వెళ్లి స్కానింగ్ కాగితాలు చూపించి వచ్చేస్తాం. మనిషి ఎలా ఉందో చెప్పం. రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, ఇష్టమైన సీరియల్ మీద కూడా ఆసక్తి పోయినా అది ‘మనసుకి పట్టించుకోవడం’ కాదు, కుంగుబాటు కావచ్చు. దానికి వైద్యం ఉంది. ‘చచ్చిపోతే బాగుండు’ అన్న మాట వినపడితే ఆ రోజే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వదిన ఇప్పుడు చిక్కుడుకాయల బుట్ట పెద్దమ్మ ముందు పెడుతోంది. ఈనెలు తీయడానికి కత్తిపీటతో పనిలేదు కదా. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నారు. ముగ్గు మాత్రం ఇంకా కుదరట్లేదు. మొన్న పొద్దున్నే ఫోన్ చేస్తే పెద్దమ్మ ఎత్తలేదు. కంగారుపడి వదినకు చేశాను.

‘పాల బూత్‌కి వెళ్లింది. ఫోన్ ఇక్కడే వదిలేసింది’ అంది.