భద్రత – మన బాధ్యత: తెర చెప్పే అబద్ధం

బైలదిల్లా అనగా ఎద్దు మూపురము. ఆ కొండపై 1968లో కిరండూల్ గని ఆరంభమైన నాటినుండి డంపరు ఆపరేటరుకు కన్ను, చెవి, కాలు మూడూ భద్రతా సాధనాలే. బ్రేకు పట్టు సడలితే కాలికి తెలుస్తుంది. టైరు వేడెక్కితే వాసన పట్టిస్తుంది. కాని ఆపరేటరు లేని వాహనాల యుగంలో, వాసన లేని ప్రమాదం ఒకటి పొంచి ఉన్నది. అదే సైబర్ దాడి.

ఆస్ట్రేలియాలోని పిల్బరా ఇనుప గనుల్లో రియో టింటో సంస్థ 2008లోనే డ్రైవరు లేని ట్రక్కులను ప్రవేశపెట్టింది. అటువంటి వాహనాలు తామున్న చోటును ప్రధానంగా ఉపగ్రహ సంకేతాల ద్వారా తెలుసుకొంటాయి. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తునుండి వచ్చే ఆ సంకేతం మిక్కిలి బలహీనమైనది. సమీపం నుండి అంతకన్న బలమైన నకిలీ సంకేతాన్ని పంపితే యంత్రం దానినే నమ్మవచ్చును. 2013లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మధ్యధరా సముద్రంలో ఒక విహారనౌకను, యజమాని సమ్మతితో, ఈ విధంగానే దారి మళ్లించి చూపారు. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు పరుగెత్తుతున్న జీపును ఇంటర్నెట్ ద్వారా వశపరచుకొనగా, తయారీదారు 14 లక్షల వాహనాలను సవరణకై వెనక్కు పిలువవలసి వచ్చింది.

ఈ సంగతిని నల్లబల్లపై చెబితే తల ఊపి మరచిపోతాము. నిజమైన ట్రక్కుపై చూపుదామంటే ప్రాణాపాయము. కనుకనే వర్చువల్ రియాలిటీ శిక్షణ అవసరమని మేము భావిస్తున్నాము. కళ్లకు పరికరం తగిలించుకొన్న శిక్షణార్థికి బైలదిల్లా వానాకాలపు పొగమంచు కనబడాలి. తెరపై ట్రక్కు దారి మధ్యనే ఉండాలి. కిటికీలోనుండి చూస్తే అది అంచుకట్ట వైపు ఒరుగుతుండాలి. ఏది నమ్మాలి? ఆ తడబాటే పాఠము. తెరను శంకించుట, వెంటనే ఆపుట, రేడియోలో తెలుపుట, తనిఖీ ముగియనిదే తిరిగి కదల్చకుండుట: ఈ నాలుగూ చేతికి అలవాటు కావాలి.

1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు మనకు శిక్షణా కేంద్రాలనిచ్చాయి. ఈ పాఠానికి అక్కడ చోటు కల్పించుట కష్టము కాదు. అయితే ఒక్క మాట. అనుమానంతో ట్రక్కును ఆపిన వానిని, తీరా దోషమేమీ లేదని తేలినప్పుడు, టన్నులు తగ్గినందుకు సంజాయిషీ అడిగితే, మరునాడు అతడు ఆపడు. ఎంత ఖరీదైన పరికరమూ ఆ భయాన్ని పోగొట్టలేదు. ఆపిన చేతిని మెచ్చుకొనుట నేర్వవలసినవారము మొదట ఇంజనీర్లమైన మనమే.