ఎక్కడికి వదినా?

మా నగరంలో ఆడమనిషి వీధి గుమ్మం దాటిందంటే జవాబు కొంగున ముడివేసుకుని బయల్దేరాలి. "ఎక్కడికి వదినా?" అని ఎదురింటావిడ అడుగుతుంది. "ఎక్కడికి పిన్నీ?" అని కిళ్ళీకొట్టు కుర్రాడడుగుతాడు. అప్పనపల్లి గుడికి, తాటిపాక సెంటరుకి, రాజోలు డాక్టరు దగ్గరికి - ఇవీ చెల్లుబాటయ్యే జవాబులు. "ఊరికేనే, అలా నడిచొద్దామని" అని చెప్పి చూడండి. సాయంత్రానికల్లా "పాపం, ఇంట్లో ఏదో గొడవైనట్టుంది" అనే మాట మీకంటే ముందే మీ ఇంటికి చేరుతుంది.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తానంటే, అరవై ఒకటో ఏట నేనొక నేరం చేశాను. మంచుమీద నడిచాను.

మా అమ్మాయి రెండో పురుటికని సియాటిల్ వెళ్ళాను. కారం, పథ్యం, పసివాడికి నలుగు, అన్నీ సవ్యంగానే జరిపించాను. బాలింతరాలు తేరుకున్నాక ఒక ఫిబ్రవరి ఆదివారంనాడు అమ్మాయి, "వంటింట్లోంచి కాస్త బయటికి రామ్మా" అని నన్ను కారెక్కించింది. కొండలమీదికి గంటంబావు ప్రయాణం. స్నోక్వాల్మీ కనుమ దాటాక కేబిన్ క్రీక్ అనే చోటుంది. కనుమే మూడు వేల అడుగుల ఎత్తు. చుట్టూ దేవదారులాంటి చెట్లు, నడుమ తెల్లటి దారి. అల్లుడు పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. ఈ ముక్క కూడా మా వాళ్ళకి మింగుడు పడలేదనుకోండి.

అక్కడ తీసిన ఫొటో అమ్మాయి మా చుట్టాల గుంపులో పెట్టేసింది. గళ్ళ నేత చీర మానేసి పంట్లాం తొడుక్కుని, కాళ్ళకి రెండు పొడుగాటి బద్దలు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు కర్రలతో నేను! పావుగంటలో ఇరవై సమాధానాలు. "పురుడు పొయ్యడానికెళ్ళిందా, షికార్లు కొట్టడానికెళ్ళిందా?" అని ఒకరు. "కాలు విరిగితే అక్కడి ఆస్పత్రి బిల్లుకి మూడెకరాలు అమ్మాలి" అని ఒకరు. మా ఆడపడుచు మటుకు ఫోన్ చేసి మరీ, "ఏటొదినా, వయసుకి తగ్గట్టు వుండొద్దూ?" అంది. ఆవిడకి అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఆవిడ ఈ పత్రిక వదలకుండా చదువుతుంది కాబట్టి.

ముందు ఆ నడక సంగతి చెప్పాలి. సినిమాల్లో హీరోలు కొండమీంచి జర్రున జారిపోతూ వుంటారే, ఇది ఆ రకం కాదు. దీన్ని క్రాస్ కంట్రీ స్కీయింగ్ అంటారు. బద్దలు సన్నంగా, తేలిగ్గా వుంటాయి. బూటు కొస మాత్రమే బద్దకి అతుక్కుంటుంది, మడమ విడిగా లేస్తుంది. అందువల్ల ఎక్కుడులో ఎక్కవచ్చు, దిగుడులో దిగవచ్చు, చదునులో నడవనూ వచ్చు. ఒక కాలితో నేలని వెనక్కి తన్ని రెండో కాలిమీద జారాలి. మళ్ళీ ఇటు. లయ దొరికితే చేద బొంగరంమీద తాడు లాగుతున్నంత హాయిగా సాగిపోతుంది. దొరకనంతసేపూ ఉత్త కుస్తీ.

రాత్రివేళ పెద్ద యంత్రం ఒకటి వచ్చి మంచుని చదును చేసి, దానిలో జోడు గాళ్ళు తీసి పోతుందిట. రెండు కాళ్ళూ ఆ రెండు గాళ్ళలో పెట్టుకుంటే బండి చక్రం గాడిలో పడ్డట్టు వుంటుంది. దారి మొదట్లో పటం పెట్టారు. తేలిక దారికి ఆకుపచ్చ గుండ్రం, ఓ మాదిరి దానికి నీలం చదరం, కష్టమైన దానికి నల్ల డైమండు. ఎవరి శక్తి వాళ్ళు ఎంచుకోవచ్చు. ఆ గాళ్ళలో బూటుకాళ్ళతో ఎవరూ నడవకూడదు. గుంట పడి గడ్డకడితే వెనకవాళ్ళు పడిపోతారు. ఎక్కడా పోలీసులేడు, అయినా ఒక్కరూ తొక్కలేదు. కారుకి చీటీ కొనుక్కోవాలి. ఆ డబ్బుతోనే మంచు తీయడం, దారులు బాగుచేయడం. ఆ రాష్ట్రంలోనే మౌంట్ టహోమా ట్రెయిల్స్ అని ఒక సంఘం వుంది. దాని సభ్యులు జీతం బత్తెం లేకుండా కొండల్లో స్కీదారులూ, రాత్రి తలదాచుకునే గుడిసెలూ చూసుకుంటారు.

నేను నాలుగుసార్లు పడ్డాను. పడ్డాక లేవడమే అసలు విద్య. పక్కకి ఒరిగి, బద్దలు రెండూ జోడుగా ఒంటికి దగ్గిరగా తెచ్చుకుని, మోకాళ్ళమీదికి వచ్చి అప్పుడు లేవాలి. నా పక్కనుంచి ఒక తెల్లజుట్టు ఆవిడ, డెబ్భైఅయిదు దాటి వుంటాయి, నవ్వుతూ చెయ్యూపి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి ఎవరూ ఎక్కడికని అడగలేదు. ఆ దారి చుట్టూ తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తుంది, అడిగితే ఏం చెబుతుంది పాపం!

అయితే అక్కడ ఆడవాళ్ళందరికీ ఇదంతా వడ్డించిన విస్తరేమీ కాదు. స్వీడన్‌లో వాసాలోపెట్ అని తొంభై కిలోమీటర్ల స్కీ పందెం 1922లో మొదలైంది. మరుసటి ఏడే, 1923లో, మార్గిట్ నోర్డిన్ అనే ఆవిడ దాన్ని పూర్తి చేసింది. పూర్తి చేసింది కదా, దండ వేసి వూరుకున్నారా? 1924లో ఆడవాళ్ళు ఈ పందెంలోకి రాకూడదని నిషేధం పెట్టారు. చెయ్యలేకపోతే అర్థముంది, చేసి చూపించినందుకు నిషేధం! అది ఎత్తేసి ఆడవాళ్ళని రానిచ్చింది 1981లో. శీతకాలపు ఒలింపిక్స్‌లో ఈ ఆట మగవాళ్ళకి 1924లోనే వుంది. ఆడవాళ్ళకి పది కిలోమీటర్లు విదిల్చింది 1952లో, ఓస్లోలో. 2026 మిలాన్ పోటీలకి గాని ఇద్దరికీ ఒకే దూరాలు నిర్ణయించలేదు. "వయసుకి తగ్గట్టు", "ఒంటికి తగ్గట్టు" అనే మాటలు మన గోదావరి నీళ్ళు తాగి పుట్టినవే అనుకునేదాన్ని. మంచుదేశంలోనూ అవే మాటలు.

నార్వేలో ఇంకో పందెం వుంది. 1206లో ఇద్దరు యోధులు పసిబిడ్డగా వున్న రాజకుమారుణ్ణి స్కీలమీద కొండలు దాటించి కాపాడారని, దాని జ్ఞాపకంగా నేటికీ పందెగాళ్ళు ఒక్కొక్కరూ మూడున్నర కిలోల మూట వీపున వేసుకుని పరిగెడతారు. బాగానే వుంది. మన వూళ్ళలో చంకనొక పిల్ల, నెత్తినొక బుట్ట, చేత్తో ఒక పిల్లాణ్ణి పట్టుకుని నడిచిన తల్లుల పేర పందెం పెట్టాలని మాత్రం ఎనిమిది వందల ఏళ్ళలో ఎవరికీ తోచలేదు.

"మనకా మంచెక్కడిది, ఆ దేశపు ఆటలు మనకెందుకు" అనేవాళ్ళకి ఒక మాట. కాఫీతోటల కొడగులో పుట్టిన భవాని అనే అమ్మాయి మన దేశం తరఫున ఇదే ఆటలో ప్రపంచ పోటీలకి వెళుతోంది. మంచే కావాలనేవాళ్ళు ఎలాగూ తెల్లారగట్ల లంబసింగికి కార్లు కట్టుకుపోయి, చలిమంట దగ్గర ఫొటో దిగి, కాగితం ప్లేట్లు అక్కడే పారేసి వస్తూనే వున్నారు. కారు దిగి మైలు దూరం నడిచినవాళ్ళెందరో చెప్పమనండి.

నేనడిగేది మంచు గురించి కాదు, మన కాలవగట్టు గురించి.

1852లో కాటన్‌దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించాక మన కోనసీమంతా కాలవలు పాకాయి. అవి నీళ్ళకే కాదు, పడవలకి కూడా దారులు. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు గట్టుమీంచి లాగుకుంటూ పోయేవారు. అంటే ఆ గట్టు పుట్టుకతోనే నడకదారి. అటు కొబ్బరితోట, ఇటు వరిచేను, నడుమ నీళ్ళు. డబ్బు పోసినా అమెరికావాడికి దొరకని దారి. మనం దాన్ని ఏం చేశాం? చెత్త పోసే చోటు చేశాం. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు చూడండి, అడుగున మన సంసారాలన్నీ కనిపిస్తాయి. సందె పడ్డాక దీపం లేదు. సీసాలు పట్టుకుని కూర్చునేవాళ్ళకి మాత్రం చోటు బాగా కుదిరింది.

ఇదంతా కారులో తిరిగొస్తూ అమ్మాయితో అన్నాను. అది రోడ్డుమీంచి కళ్ళు తిప్పకుండానే, "నువ్వే కదమ్మా నన్ను గట్టుమీదికి వెళ్ళొద్దన్నది" అంది.

నిజమే. దానికి పద్నాలుగేళ్ళప్పుడు సైకిలు కొన్నాం, బడికి. ఒక సాయంత్రం అది గట్టువెంట ఒక్కతీ చాలా దూరం పోయి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నేను ఆ వెలుగు చూడలేదు, వీధిలో ఎవరెవరు చూశారో అదే చూశాను. "ఏం పనుండి వెళ్ళావు?" అని అడిగాను. జవాబు లేకపోయేసరికి సైకిలుకి తాళం వేసి తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాను. మా ఆడపడుచుని ఆడిపోసుకుంటున్నాను గానీ, ఆవిడ నాతో అన్నది నేను నా కూతురితో అన్న మాటే.

మా అమ్మ మాటో? ఆవిడ పెరట్లోంచే కాలవ పోతుంది. నలభైయేడేళ్ళు ఆ రేవులో అంట్లు తోమింది, బట్టలుతికింది. "ఈ నీళ్ళు ఇలా పోయి ఎక్కడ తేలతాయో!" అనేది అప్పుడప్పుడూ. లాకులు రెండున్నర మైళ్ళే. చూడకుండానే పోయింది. నాన్నగారు కాదన్నారని కాదు, ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగటానికి ఒక పని వుండాలి కదా.

పనివుంటే నడవచ్చు మనం. ఉప్పాడ చీర కట్టుకుని గుడిచుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణాలు చేస్తే పుణ్యం. చేపలగంప నెత్తిన పెట్టుకుని, కొబ్బరిడొక్కలు మోసుకుని, నాట్లకని తెల్లారకుండా గట్లమీద మైళ్ళకి మైళ్ళు పోయే ఆడవాళ్ళని రోజూ చూస్తూనే వున్నాం. వాళ్ళని ఎవరూ ఎక్కడికని అడగరు, బరువే జవాబు చెబుతుంది. ఇక మనబోటి మధ్యతరగతి వాళ్ళకి నడిచే హక్కు ఎప్పుడొస్తుందో తెలుసా? షుగరొచ్చాక. డాక్టరు చీటీమీద "రోజూ నలభై నిమిషాలు నడక" అని రాసిస్తే, అప్పుడు అత్తగారు కూడా "వెళ్ళిరామ్మా" అంటుంది. ఒంట్లో రోగం పుడితేగాని ఇంట్లో అనుమతి పుట్టదు! నాకు షుగర్ లేదు. అదీ నా ఇబ్బంది.

మగవాళ్ళకి పనిలేని నడక వుంది చూశారూ. కనుమనాడు జగ్గన్నతోటకి ప్రభలు భుజాలమీద మోసుకుని, కౌశికలో దిగి, పంటచేలు దాటి పోతారు. ఏం పనుందని? ఎవరడుగుతారు? మనం గట్టునించి దణ్ణం పెడతాం, కళ్ళనీళ్ళు తిరుగుతాయి కూడా. ఆ భుజాలకున్న సంబరంలో పిసరంత మన కాళ్ళకీ వుంటుందంటే మాత్రం నవ్వుతారు.

గట్టుమీద చీకటి, పాములు, తాగుబోతులు వున్న మాట నిజమే. భయపడొద్దని నేననను, నాకూ భయమే. కాని పండక్కి ఇంటింటా చందాలు దండి పందిళ్ళు వేయగల వూరు, నాలుగు దీపాలు వేయించలేదా? నెలకో ఆదివారం పది పలుగులు, పది తట్టలు పోగెయ్యలేదా? ఎవరు పూనుకోవాలో వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు. మనం నలుగురం అక్కడ రోజూ నడుస్తూ కనబడితే దీపం త్వరగా వస్తుందని నా నమ్మకం. ఎవరూ నడవని దారికి దీపమెవరు వేస్తారు?

తిరిగొచ్చాక అయిదున్నరకి లేచి వెళుతున్నాను. మొదట ఒక్కదాన్నే. తరవాత వెనకవీధి టీచరుగారు కలిశారు. ఈమధ్య ఇంకొకావిడ కూడా వస్తోంది. ఇంట్లో గుడికని చెబుతుందిట. చెప్పుకోనీ, దేవుడు పట్టించుకోడు. మొన్న ఆదివారం ముగ్గురం లాకులదాకా పోయాం. చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. తుప్పుపట్టిన తలుపు, దాని సందుల్లోంచి చిమ్మే నీళ్ళు, గట్టున ఒక తుమ్మచెట్టు, రెండు బాతులు. చాలాసేపే నిలబడ్డాను. టీచరుగారు గడియారం చూసుకున్నారు గాని ఏమీ అనలేదు.

వచ్చేటప్పటికి ఎదురింటావిడ ముగ్గు వేస్తోంది. "ఎక్కడిదాకా వదినా?"

"లాకులదాకా."

"ఏం పనుండి?"

"ఏం పనీ లేదు" అన్నాను. ఆవిడ ముగ్గుబుట్ట చేత్తో పట్టుకునే, "రేపూ వెళతారా?" అంది.