ఎదుటి జట్టుకేనా విచారణ?

ఎదుటి జట్టు మీద విచారణ వేశారంటే మన కుర్రకారుకు కప్పు గెలిచినంత సంబరం. అదే విచారణ మన జట్టు మీద వేస్తే మాత్రం అది కుట్ర. క్రికెట్ అయినా, కబడ్డీ అయినా, కళాశాలల మధ్య పోటీలైనా ఇదే వరస. ఈ జబ్బు మన జిల్లాకే పరిమితమైనది కాదు. అయితే వానను నమ్ముకోలేక ఆటను నమ్ముకున్న పిల్లలున్న జిల్లా మనది. కనుక దీని వల్ల నష్టం మనకే ఎక్కువ. క్రీడాభిమానులు ఈ విషయం కాస్త నిదానంగా ఆలోచించవలసి ఉన్నది.

ఐ.పి.ఎల్. పోటీలు వచ్చాయంటే అనంతపురంలో అభిమానులు మూడు వర్గాలుగా చీలిపోతారు. పనులకు వెళ్ళి వచ్చే ఊరు కనుక కొందరిది బెంగుళూరు. తెలుగువారి జట్టు కనుక కొందరిది హైదరాబాదు. ధోనీ మీది అభిమానం కొద్దీ కొందరిది చెన్నై. టీ కొట్ల దగ్గర ఈ మూడు వర్గాల వాదులాట వినని వారుండరు. అందులో చెన్నై అభిమానులను నేటికీ నోరు మూయించే మాట ఒకటున్నది: "మీది నిషేధం పడిన జట్టు కదా!"

ఆ మాటకు ఆధారం లేకపోలేదు. 2013 మే 16న రాజస్థాన్ రాయల్స్ ఆటగాళ్ళు ముగ్గురిని స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. అదే నెల 24న చెన్నై జట్టు వ్యవహారాలు చూస్తున్న గురునాథ్ మెయ్యప్పన్‌ను బెట్టింగ్ ఆరోపణపై ముంబై పోలీసులు అరెస్టు చేశారు. ఆయన అప్పటి క్రికెట్ బోర్డు అధ్యక్షుడు శ్రీనివాసన్‌కు స్వయానా అల్లుడు. జట్టు యజమాని శ్రీనివాసన్‌కు చెందిన ఇండియా సిమెంట్స్. అంటే బోర్డూ ఆయనదే, జట్టూ ఆయనదే.

తరువాత జరిగినది గమనించదగినది. బోర్డు తానే ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులతో ఒక కమిటీ వేసుకున్నది. రెండు నెలలు తిరక్కుండానే ఆ కమిటీ తప్పేమీ లేదని తేల్చింది. ఆ కమిటీ ఏర్పాటే చెల్లదని 2013 జూలై 30న బొంబాయి హైకోర్టు చెప్పింది. ఆపై సుప్రీంకోర్టు జస్టిస్ ముద్గల్ కమిటీని నియమించింది. అందులో ఒక సభ్యుడు మన తెలుగువాడైన న్యాయవాది ఎల్. నాగేశ్వరరావు. గురునాథ్ కేవలం క్రికెట్ అంటే ఇష్టపడే వ్యక్తి అన్న వాదన నిలవలేదు. ఆయన జట్టు అధికారేనని, బెట్టింగ్ చేశారని కమిటీ తేల్చింది. చివరకు 2015 జూలై 14న జస్టిస్ లోధా కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్ల యాజమాన్యాలను రెండేళ్ళు సస్పెండు చేసింది.

అప్పుడు అభిమానుల తీరు ఎలా ఉన్నది? చెన్నై అభిమానులు, "యజమాని అల్లుడు చేసిన దానికి జట్టుకెందుకు శిక్ష?" అన్నారు. తక్కిన జట్ల అభిమానులు, "ఇన్నాళ్ళ గెలుపులన్నీ దొంగ గెలుపులే" అన్నారు. నిజానికి రెండు మాటలూ సరికావు. కమిటీ శిక్షించినది యాజమాన్యాన్ని. ధోనీ, అశ్విన్ పుణే జట్టుకు, రైనా, జడేజా గుజరాత్ జట్టుకు వెళ్ళి ఆడుకున్నారు. జట్టు గెలిచిన ఆటలన్నీ దొంగవని ఏ కమిటీ చెప్పలేదు. తీర్పు చదివిన వారు తక్కువ, తీర్పు చెప్పిన వారు ఎక్కువ.

సరే, చెన్నై సంగతి అట్లుంచుదాం. మన సంగతి ఏమిటి? 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో బంతిని గరుకు కాగితంతో రుద్దిన వ్యవహారంలో ఆస్ట్రేలియా బోర్డు డేవిడ్ వార్నర్‌ను ఏడాది పాటు నిషేధించింది. అప్పటికి ఆయన మన సన్‌రైజర్స్ కెప్టెన్. ఆ ఏడాది ఐ.పి.ఎల్. ఆడనివ్వలేదు. మన అభిమానులు ఏమన్నారు? "పాపం వార్నర్" అన్నారు. "చిన్న తప్పుకు పెద్ద శిక్ష" అన్నారు. 2019లో తిరిగి వచ్చి 692 పరుగులు చేయగానే అంతా మరచిపోయారు. శిక్ష అనుభవించి వచ్చిన మనిషిని మన్నించడం తప్పు కాదు, మంచిదే. కాని చెన్నై రెండేళ్ళ శిక్ష అనుభవించి వచ్చి, 2018 మే 27న ఫైనల్లో మన జట్టునే ఓడించినప్పుడు ఆ మన్నింపు ఎక్కడికి పోయింది? మనవాడికో కొలత, పరాయివాడికో కొలత. గురివింద గింజ సామెత ఇందుకే పుట్టింది.

ఇంకా దగ్గరి ముచ్చట హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌ది. అక్కడి కలహాలు తెగక 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సంఘాన్ని చక్కదిద్దే పని విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించింది. పదేళ్ళ క్రితం చెన్నై వ్యవహారం తవ్వి తీసిన కమిటీలో కూర్చున్న ఆయనే ఈయన. ఒకే కుటుంబాల చేతిలో అనేక క్లబ్బులు ఉండడం చూసి 57 క్లబ్బులను ఓటింగు నుంచి ఆయన తప్పించారు. 2025 జూలైలో ఆ సంఘం అధ్యక్షుణ్ణే తెలంగాణ సి.ఐ.డి. అరెస్టు చేసింది. ఎన్నికలో నిలబడే అర్హత కోసం క్లబ్బు పత్రాలు తారుమారు చేశారన్నది ఆరోపణ. అరెస్టు తీర్పు కాదు, నిజమే. కాని చెన్నై అధికారి అరెస్టయిన రోజున ఈ మాట మనలో ఎందరం అన్నాము?

ఈ నిదానం ఎందుకు అవసరమో హైదరాబాదీ అయిన అజహరుద్దీన్ ఉదంతం చెబుతుంది. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణపై 2000 డిసెంబరులో బోర్డు ఆయన్ను జీవితకాలం నిషేధించింది. 99 టెస్టుల వద్ద ఆయన ఆట ఆగిపోయింది. ఆ నిషేధం చెల్లదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన ఆడే వయసు దాటిపోయింది. విచారణ సక్రమంగా జరగకుంటే దోషి తప్పించుకోవచ్చు, లేదా నింద మోసిన వాడికి న్యాయం ఆలస్యం కావచ్చు. రెండూ ఆటకు చేటే.

పెద్ద జట్ల సంగతి మనకెందుకంటారా? మన మండలాల్లో, కళాశాలల పోటీల్లో జరిగేదీ ఇదే. చదువు మానేసి రెండేళ్ళయిన వాణ్ణి ఇంకొకరి పేరుతో దించడం, పుట్టిన తేదీ మార్చి చిన్నవాళ్ళ జట్టులో ఆడించడం, పక్క జిల్లా ఆటగాడికి రాత్రికి రాత్రి విద్యార్థి గుర్తింపు కార్డు పుట్టించడం మైదానాల దగ్గర వినిపించే ఫిర్యాదులే. ఓడిన వారు ప్రొటెస్టు చేస్తారు. గెలిచిన వారు ఈలలు వేస్తారు. మరుసటి ఏడు ఓడిన వారు కూడా అదే పని చేస్తారు. "వాళ్ళు చేయలేదా?" అన్నది అందరి సమాధానం.

ఇందులో నష్టపోయేది ఎవరు? రెండు కళాశాలల అభిమానులు కారు. ఈలలు వేసి ఇంటికి పోతారు. నష్టపోయేది సక్రమంగా పేరు నమోదు చేయించుకొని, తెల్లవారుజామున లేచి మైదానంలో పరుగెత్తి, పదకొండు మందిలో చోటు దొరకక బెంచీ మీద కూర్చున్న కుర్రవాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట, వేరుశెనగ ఎండిన ఏడు తల్లిదండ్రులు బెంగుళూరుకు వలస పోయే చోట, ఒక క్రీడా సర్టిఫికెట్ అంటే కేవలం గోడకు తగిలించే కాగితం కాదు. క్రీడా కోటాలో ఒక సీటు, ఒక ఉద్యోగం. దొంగ పేరుతో ఆడినవాడు దొంగిలించేది ఆటను కాదు, ఆ కుర్రవాడి బతుకును.

సక్రమ మార్గంలో పైకి వచ్చే వీలు ఇక్కడ లేకపోలేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైన నార్పల మండలం బండ్లపల్లి నుంచే బారెడ్డి అనూష అనే అమ్మాయి 2023 జూలైలో భారత జట్టుకు ఆడింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు అనంతపురం ఆర్.డి.టి. మైదానంలో జరిగితే చూడడానికి జనం ఊళ్ళ నుంచి తరలి వచ్చారు. మైదానం ఉన్నది, అభిమానం ఉన్నది. కావలసినది నిబంధన అందరికీ ఒకటే అన్న నమ్మకం.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. పోటీకి వారం ముందే ప్రతి కళాశాల తన ఆటగాళ్ళ పేర్లు, తరగతి, పుట్టిన తేదీ, ఫోటోతో సహా నిర్వాహకులకు అందజేయాలి. ఆ జాబితా చూసే హక్కు అవతలి జట్టుకు ఉండాలి. ఫిర్యాదు వస్తే విచారించేది ఆతిథ్యమిచ్చే కళాశాల వారో, గెలిచిన కళాశాల వారో కారాదు. మూడో చోటి వారు కావాలి. బోర్డు తన అధ్యక్షుడి అల్లుడి మీద తానే విచారణ వేసుకుంటే ఏమైనదో చూశాము కదా! శిక్ష ఆడిన కుర్రవాడికే కాదు, తెలిసి ఆడించిన పెద్దలకూ పడాలి. తప్పు తామే ఒప్పుకొనే వారికి ఒక దారి కూడా తెరచి ఉంచాలి. 2020లో క్రికెట్ బోర్డు వయసు మోసాల విషయంలో ఇదే చేసింది. గడువులోగా తామే ఒప్పుకొన్న వారిపై నిషేధం ఉండదని, దాచి దొరికిన వారికి రెండేళ్ళ నిషేధమని ప్రకటించింది.

ఇక అభిమానులకు ఒక మాట. ఎదుటి జట్టు మీద విచారణ కోరండి, తప్పులేదు. అయితే ప్రొటెస్టు కాగితం మీద సంతకం పెట్టే ముందు మీ కళాశాల జాబితాను మీ డ్రిల్లు మాస్టరుగారి దగ్గర అడిగి చూడండి. అందులో ఒక్క పేరు అబద్ధమని తెలిసినా ముందు దానిని కొట్టివేయించండి. అలా చేసినందువల్ల ఒక ఆట ఓడిపోతే పోవచ్చు. బెంచీ మీద కూర్చున్న మీ ఊరి కుర్రవాడికి మాత్రం ఆ రోజు మైదానంలో చోటు దొరుకుతుంది.