విడిగ నున్నవారి ఉమ్మడి సంతకము

అమెరికా దేశమున ఏటేట ఏప్రిల్ 15వ తేదీ ఆదాయపుపన్ను రిటర్నులు దాఖలు చేయుటకు గడువు. ఆ పత్రమున ఆదాయపు వివరములకంటె ముందుగనే యొక ప్రశ్న యున్నది: పన్ను చెల్లించువారు వివాహితులా, కారా? కలిసి కాపురము చేయువారి కిది చిక్కు ప్రశ్న కాదు. మూడుముళ్ల బంధము తెగక, కాపురము మాత్రము రెండిండ్ల పాలైన వారికే యిది సంకటము. తెలుగు కుటుంబములు పెక్కు అచ్చట స్థిరపడియున్నవి. బిడ్డల నచ్చటికి కాపురమునకు పంపిన తలిదండ్రులు మన పట్టణములలోను పల్లెలలోను ఉన్నారు. కావున ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధి యని తలంచుచున్నాము.

అచ్చటి చట్టము డిసెంబరు 31వ తేదీని ప్రమాణముగ గైకొనును. ఆనాటికి న్యాయస్థానమువారు విడాకుల డిక్రీగాని ప్రత్యేక మనోవర్తి డిక్రీగాని యిచ్చియుండనిచో, దంపతులు ఎంతకాలముగ వేరుగ నున్నను వివాహితులక్రిందనే లెక్క. వారికి సాధారణముగ రెండు దారులు: ఇరువురును కలిసి ఉమ్మడి రిటర్ను దాఖలు చేయుట, లేదా వివాహితులుగనే ఎవరిది వారు వేరుగ దాఖలు చేయుట. మూడవ దారియు నొకటి కలదు. దానిని పలువు రెరుగరు. సంవత్సరపు కడపటి ఆరు మాసములు భర్త ఆ యింట నివసింపక, ఇంటి ఖర్చులో సగమునకు మించి భార్యయే భరించి, ఆమె పోషణలోనున్న బిడ్డ సంవత్సరములో సగమునకు మించి ఆ యింటనే పెరిగినయెడల, వేరుగ రిటర్ను దాఖలు చేయుచు ఆమె "గృహయజమాని" హోదాను పొందవచ్చును. భార్య విడిచిపోయిన భర్తకును ఇదే నియమము.

ఈ హోదాలలో భేదము స్వల్పము కాదు. 2025వ సంవత్సరపు ఆదాయముపై, ఖర్చుల వివరములు చూపకయే తీసివేయదగిన మొత్తము వేరుగ దాఖలు చేయు వివాహితులకు 15,750 డాలర్లు, గృహయజమానికి 23,625 డాలర్లు, ఉమ్మడి రిటర్నుకు 31,500 డాలర్లు. వేరుగ దాఖలు చేయువారికి చదువుల ఖర్చులపై దొరకు పన్ను రాయితీలును లేవు. ఈ లాభమును జూపియే, వేరుగ నున్న భర్త పత్రము పంపి "సంతకము చేయుము, వాపసు వచ్చును" అనుట కలదు.

ఇచ్చటనే మా హెచ్చరిక. ఉమ్మడి రిటర్నుపై సంతకము ఉమ్మడి ప్రోనోటుపై సంతకము వంటిది. మన రైతు లెరుగనిది కాదు: ప్రోనోటుపై ఇద్దరు సంతకము చేసినచో, సొమ్ము వాడుకొన్నవా డొక్కడైనను, ఋణదాత రెండవవాని గుమ్మమునకే రాగలడు. అట్లే భర్త దాచిన ఆదాయమునకు పడిన పన్నును వడ్డీతోను జరిమానాతోను మొత్తముగ భార్యనుండియే వసూలు చేయుటకు ప్రభుత్వమునకు హక్కు గలదు. తరువాత విడాకుల డిక్రీలో బాకీ భర్తదేయని వ్రాసికొన్నను పన్నుల శాఖ దానికి కట్టుబడదు. నిర్దోషియైన దంపతికి ఉపశమనమిచ్చు నిబంధనలు 1998లో విరివి చేయబడినవి. కాని తాను నిర్దోషినని రుజువు చేసికొను భారము ఆమెదే. భర్త జీతమెంతయో, వ్యాపారపు లెక్కలెట్టివో తెలియని ఇల్లాలికి ఆ రుజువు సులభమా?

వేరుగ దాఖలు చేసిన ధనము నష్టమని కొంద రందురు. నిజమే. కాని చట్టములోనే ఒక మార్గమున్నది. వేరుగ దాఖలు చేసినవారు గడువుతేదీనుండి మూడేండ్లలోపున ఉమ్మడి రిటర్నుకు మారవచ్చును. ఉమ్మడిగ దాఖలు చేసినవారు గడువు దాటిన పిమ్మట వేరునకు మరలలేరు. ఒక తలుపు వెనుకకు తెరచుకొనును, రెండవది తెరచుకొనదు. సందేహమున్నపుడు ఏ గుమ్మము దాటవలెనో వివేకవంతులకు వేరుగ చెప్పనక్కరలేదు. పరస్పర విశ్వాసము చెడక, లెక్కలన్నియు ఇరువురి యెదుటను ఉన్నచో ఉమ్మడి లాభమును వదలుకొనుమని మేము చెప్పము. విశ్వాసము పోయినచోట వాపసు సొమ్మునకై పూచీ పడుట మాత్రము తగదు.

ఈ ఉమ్మడి లాభము స్త్రీల మేలుకోరి పుట్టినది కాదు. కొన్ని రాష్ట్రములలో దంపతుల సంపాదన చెరిసగమను ధర్మముండుటచే, అచ్చటివారు ఆదాయమును పంచి చూపవచ్చునని 1930లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. తక్కిన రాష్ట్రములవారి అసంతృప్తి తీర్చుటకు 1948లో ఆ లాభమును ఉమ్మడి రిటర్ను ద్వారా అందరికి నిచ్చిరి.

మన దేశమునను దంపతులకు ఉమ్మడి రిటర్ను కావలెనను మాట అప్పుడప్పుడు వినబడుచున్నది. మన 1961 నాటి చట్టము భార్యాభర్తలను వేర్వేరు వ్యక్తులుగనే యెంచినది. భర్త భార్య కిచ్చిన ఆస్తిపై ఆదాయమును భర్త ఆదాయములో కలుపు నిబంధన నుండి, విడిగ నుండుటకై చేసికొన్న ఒడంబడికపై నిచ్చిన ఆస్తిని మినహాయించినది. విడిపోయిన స్త్రీ గతిని ఆ చట్టము మరువలేదు. కొత్త పద్ధతి తెచ్చువారును మరువరాదు. ఉమ్మడి రిటర్ను వచ్చినచో లాభము ఉమ్మడియైనను, బాకీ ఎవరి భాగము వారిదే కావలయును. అంతవరకు కూతురిని విదేశమునకు పంపిన ప్రతి తండ్రియు ఆమెకు నగలతోపాటు ఈ బుద్ధియు చెప్పి పంపుగాక: చదువక సంతకము చేయకుము, లెక్క చూడక పూచీ పడకుము.