బంగారం జుట్టులోంచి పిలుపులోకి

కడప జిల్లా ఖాజీపేటలో టీ అంగడి కాడ పాత సినిమాల మాటొస్తే ‘బంగారు పాప’ దగ్గర కాసేపు ఆగొచ్చు. ఎవరిదా సినిమా? ఎస్వీ రంగారావుది అంటారు కొందరు. ‘మనోడిదే గదప్పా’ అని ఇంకొకరు అందుకుంటారు. తీసిన బి.ఎన్. రెడ్డి 1908లో పులివెందుల వైపు కొత్తపల్లిలో పుట్టినాయన మరి. పుస్తకాలు తిరగేసినవాళ్లు జార్జ్ ఇలియట్ పేరు చెబుతారు. మాటలు రాసిన పాలగుమ్మి పద్మరాజు పేరు మాత్రం టీ చల్లారినా రాదు.

సినిమాకు మూలమైన ఇలియట్ ‘సైలస్ మార్నర్’ 1861 నాటి నవల. చేయని దొంగతనం మీదపడి ఊరొదిలిన నేతగాడు మగ్గం నేసి బంగారు నాణేలు పోగేసుకుంటాడు. అవీ దొంగలపాలవుతాయి. ఓ మంచు రాత్రి ఒక పసిపిల్ల తప్పటడుగులేసుకుంటూ గుడిసెలోకొచ్చి పొయ్యి ముందు పడుకుంటుంది. చూపు సరిగా ఆనని సైలస్‌కు పోయిన బంగారమే తిరిగొచ్చినట్టనిపిస్తుంది. చెయ్యి చాస్తాడు. గట్టి నాణేలు కాదు, మెత్తటి ఉంగరాల జుట్టు తగులుతుంది. నవలకు ప్రాణం ఆ జుట్టులో ఉంది.

తెలుగు బిడ్డకు బంగారు జుట్టు ఎక్కడిది?

1955లో వచ్చిన సినిమాలో మంచు పోయి గాలివాన వచ్చింది. ‘గాలివాన’ కథకే 1952లో అంతర్జాతీయ బహుమతి అందుకున్న పద్మరాజుకు వానలో చెయ్యి తిరిగినదే! నేతగాడి చోట మొరటు కోటయ్య నిలబడ్డాడు. బంగారమేమో జుట్టులోంచి దిగి పిలుపులోకి ఎక్కింది. మన తల్లులు ఎంత నల్లటి బిడ్డనైనా బంగారు తల్లీ అనే కదా పిలుస్తారు. ఇంత పనీ మన టైటిల్ కార్డుల్లో ‘మాటలు’ అనే ఒక్క ముక్కలో ఇరుక్కుపోతుంది. జుట్టును పిలుపుగా మార్చడం మాటలు రాయడమా?

నవలాకారుల పేరు పోతే గొడవ అవుతుంది, కావాలి కూడా. 2016లో ‘అ ఆ’ టైటిల్స్‌లో యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’ ప్రస్తావన లేదని విమర్శలొస్తే, పొరపాటు దిద్దుతామని దర్శకుడు త్రివిక్రమ్ అన్నారు. అదే నవలను 1973లో విజయనిర్మల తీశారు. పల్లెకొచ్చిన ఆస్తిపరుల పిల్ల కథ ఒకటే, సినిమాలు రెండు రకాలు. ఆ తేడా ఎవరి చేతి పని అని అడిగినవాళ్లు తక్కువ. ‘అ ఆ’కు రాసినాయనే తీసినాయన గనక పేరు ఎలాగూ దక్కింది. పద్మరాజుకు ఆ వెసులుబాటు లేదు. సినిమా బి.ఎన్.ది, కథ ఇలియట్‌ది, కోటయ్య రంగారావు.