ఈ వయసులో ప్రయాణమా?

మన ఇళ్లలో పాస్‌పోర్టు ఎప్పుడు తీస్తారు? కొడుకు సౌదీకో దుబాయికో వెళ్లేటప్పుడు, లేదా తల్లిదండ్రులు హజ్‌కు బయలుదేరేటప్పుడు. హజ్ నుంచి తిరిగి వచ్చాక పెద్దవాళ్ల పాస్‌పోర్టులు బీరువాలో చీరల కింద చేరతాయి. ఆ తర్వాత ఆ దంపతుల ప్రయాణాలన్నీ ఆసుపత్రికి, పెళ్లిళ్లకు, జనాజాలకు. అంతకుమించి వాళ్లకు ఏ కోరికా ఉండదని ఇంట్లో అందరూ అనుకుంటారు. విచిత్రమేమిటంటే, వాళ్లూ అలాగే అనుకుంటారు.

మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం. మాలో ఒకరికి 67 ఏళ్లు, ఇంకొకరికి 62. ఏ టూరు బృందంతోనూ కాకుండా, మేమిద్దరమే మలేసియా వెళ్లి 16 రోజులు తిరిగి వస్తామని చెప్పగానే మూడు మాటలు వినిపించాయి. "ఈ వయసులోనా అబ్బా?" అన్నాడు పెద్దబ్బాయి. "ఆ డబ్బుతో ఇంకో ఉమ్రా చేయొచ్చు కదా" అన్నారు బంధువులు. "నలుగురూ ఏమనుకుంటారు?" అన్న మూడో మాట మాత్రం మా ఆవిడ నోటి నుంచే వచ్చింది. ఇవి మా ఒక్క ఇంటి మాటలు కావు. అందుకే వీటికి బహిరంగంగా జవాబు చెప్పుకోవాలనిపించింది.

ముందుగా ధర్మం ఏమంటోందో చూద్దాం. భూమిపై సంచరించి, సృష్టి ఎలా మొదలైందో, గతించిన జాతుల గతి ఏమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల చెబుతుంది. ఆ ఆదేశానికి వయోపరిమితి పెట్టలేదు. ముసాఫిర్‌కు నమాజులో సడలింపు ఉంది. జుహర్, అసర్, ఇషా వేళల్లో నాలుగు రకాతుల ఫర్జ్ రెండుకు తగ్గుతుంది. రమజాన్ ఉపవాసాన్ని తర్వాతి రోజులకు వాయిదా వేసుకునే వీలుంది. జకాత్ పొందే 8 వర్గాలలో బాటసారి కూడా ఉన్నాడు. ధర్మం ఇంతగా పట్టించుకున్న ముసాఫిర్‌ను మనం అనుమానంగా ఎందుకు చూడాలి?

దైవప్రవక్త (స) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు సతీమణుల పేర్లతో చీటీలు వేసి, పేరు వచ్చినవారిని వెంట తీసుకెళ్లేవారు. ఒక ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని అబూదావూద్ గ్రంథంలో ఉంది. మొదట ఆమె గెలిచారు. తర్వాత మరోసారి ఆయన గెలిచారు. భార్యాభర్తలు కలిసి ప్రయాణించి సంతోషించడానికి ఇంతకన్నా ఆదర్శం ఏం కావాలి? అలాగని ఆయన ప్రయాణంలోని కష్టాన్ని దాచలేదు. అది యాతనలో ఒక భాగమనీ, తిండికీ నిద్రకూ అడ్డమనీ, పని ముగియగానే ఇల్లు చేరమనీ చెప్పారు. మేమూ కష్టాన్ని దాచం.

మలేసియానే ఎందుకు ఎంచుకున్నామంటే, పెద్దవాళ్లకు అది సులువైన దేశం. హైదరాబాద్ నుంచి విమానంలో నాలుగు గంటల దూరం. 2023 డిసెంబర్ 1 నుంచి మన దేశస్థులను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తున్నారు. ఈ సడలింపు ఎప్పటి వరకు ఉందో బయలుదేరే ముందు తప్పక చూసుకోవాలి. చేరడానికి మూడు రోజుల లోపు ఇంటర్నెట్‌లో ఒక ఫారం నింపాలి. అది మా కోడలు నింపి పెట్టింది. హలాల్ భోజనం కోసం వెతుక్కోనక్కరలేదు. హోటల్ గది పైకప్పు మీద ఖిబ్లా వైపు బాణం గుర్తు వేసి ఉంటుంది. మరుగుదొడ్లలో నీళ్ల పైపు ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు గాని, వుజూ నిలుపుకోవాలనుకునే ముసలివాళ్లకు చిన్న విషయం కాదు.

కౌలాలంపూర్‌లో క్లాంగ్, గొంబాక్ నదులు కలిసే చోట 1909లో ప్రారంభమైన మస్జిద్ జమెక్ ఉంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కట్టిన జాతీయ మసీదు, మస్జిద్ నెగారా, 1965లో ప్రారంభమైంది. దాని పైకప్పు సగం తెరిచిన గొడుగులా ఉంటుంది. మినారు ఎత్తు 73 మీటర్లు. మేము అక్కడికి చేరేసరికి మగ్రిబ్ అజాన్ అవుతోంది. మా ఆవిడ అలవాటుగా బయట మెట్ల దగ్గర ఆగిపోయింది. "మీరు చదివి రండి, నేను ఇక్కడ కూర్చుంటాను" అంది. ఇంతలో ఒక పెద్దామె వచ్చి, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మలయ్ స్త్రీలు నమాజుకు వేసుకునే తెల్లటి వస్త్రాన్ని తెలెకుంగ్ అంటారు. అదొకటి ఇచ్చి, సఫ్‌లో తన పక్కన నిలబెట్టుకుంది.

నమాజు ముగిశాక మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఏమైందని అడిగితే ఆమె చెప్పిన మాట మేము మరచిపోలేము. హరమైన్‌లో తప్ప ఒక మసీదులో జమాఅత్‌తో నిలబడి నమాజు చేయడం ఆమెకు అదే మొదటిసారి. నలభై ఏళ్లుగా మా వీధి మసీదు అజాన్‌తో నిద్ర లేస్తున్న మనిషి, ఆ మసీదు లోపల ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాత గమనించాం. రైల్వే స్టేషన్లో, బస్సు స్టాండులో, బజారు సముదాయంలో, రహదారి పక్కన బస్సు ఆగే చోట, ఎక్కడ చూసినా సురావు అనే నమాజు గది ఉంది. స్త్రీలకు విడిగా చోటు, వుజూకు నీళ్లు ఉన్నాయి. 16 రోజుల్లో మా ఆవిడ ఒక్క నమాజూ "ఎక్కడ చదవాలి?" అన్న దిగులుతో ఆలస్యం చేయలేదు. మన రాష్ట్రాల్లో బస్సు ప్రయాణాలన్నిటిలోనూ ఆమెను వేధించిన ప్రశ్న అదే.

అక్కడివారు షాఫయీలు. ఆమీన్ బిగ్గరగా అంటారు, ఫజ్ర్‌లో ఖునూత్ చదువుతారు. మేము హనఫీలం. మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు, మేమూ ఎవరినీ చూడలేదు. మన ఊళ్లలో ఈ మాత్రం తేడాకే మసీదులు రెండైన సంగతి గుర్తొచ్చి సిగ్గుపడ్డాం.

భాష రాదని భయపడ్డాం. కాని ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే మనకు మలయ్ భాషలో సగం చుట్టరికం ఉంది. "అపా ఖబర్" అంటే ఏమిటి విశేషాలని. వక్తు, దునియా, సబర్ అన్నీ అక్కడున్నాయి. మరోవైపు భర్తను సువామి అంటారు, భార్యను ఇస్తెరి అంటారు, భాష బహాసా. అన్నిటికన్నా మమ్మల్ని ఆశ్చర్యపరిచింది రోజాను "పువాసా" అనడం. అది మన ఉపవాసమే. స్వర్గం "షుర్గా", నరకం "నెరాకా". ఈ మాటలు వాడినందుకు వారి ఈమాన్‌ను ఎవరూ శంకించరు. తెలుగులో ధర్మం గురించి మాట్లాడితే తక్కువగా చూసే మన పెద్దలు కొందరు ఈ సంగతి తెలుసుకోవాలి.

కౌలాలంపూర్ నుంచి బటర్‌వర్త్‌కు నాలుగు గంటల రైలు, అక్కడి నుంచి పడవ మీద పెనాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్. ఇక్కడ మాకు కష్టం ఎదురైంది. ఫొటో చూసి తీసుకున్న బస పాత ఇంట్లో మూడో అంతస్తు. లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో ఒక రాత్రి గడిపి, మర్నాడు కొంత డబ్బు పోగొట్టుకుని వేరే చోటికి మారాం. తప్పు మాదే. లిఫ్టు ఉందా అని ముందే అడగాల్సింది. ఆ ఊళ్లో దుకాణాల ముందు వసారాలు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. చేతికర్ర లేకుండా నడవడం కష్టం.

జార్జ్‌టౌన్‌లో 1801లో మన దేశపు ముస్లిం వర్తకులు స్థాపించిన కపితాన్ కెలింగ్ మసీదు ఉంది. కెలింగ్ అన్న మాట మన కళింగం నుంచే వచ్చిందని చెబుతారు. అదే దారిలో చీనా గుడి, చర్చి, కాస్త పక్కనే మారియమ్మ గుడి ఉన్నాయి. దగ్గర్లోని అచే వీధిలో 1808 నాటి మరో మసీదు ఉంది. ఓడల కాలంలో హజ్ యాత్రికులు జిద్దా ఓడ ఎక్కేముందు ఈ వీధిలో బస చేసేవారు. అందుకే దాన్ని రెండో జిద్దా అనేవారు. సుమత్రాలోని ఆ అచే రేవుకే 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల కాలంలో, మన మచిలీపట్నం నుంచి బట్టల ఓడలు వెళ్లేవి.

ఆ మసీదు ఆవరణలోనే మా ఆవిడకు చెమటలు పట్టి, కళ్లు తిరిగాయి. షుగరు పడిపోయింది. ఎండలో తిరుగుతూ భోజనం వేళ దాటించాం. ఎదురింటి ఆమె పరుగున వచ్చి చక్కెర ఎక్కువ వేసిన టీ తాగించింది. "మక్‌చిక్, మక్‌చిక్" అంటూ తల నిమిరింది. మక్‌చిక్ అంటే పిన్నమ్మ, అత్తమ్మ అన్నట్టు. గంటసేపు తన ఇంట్లో పడుకోబెట్టింది. డబ్బు ఇవ్వబోతే నొచ్చుకుంది. దుఆ చేయమని మాత్రం అడిగింది.

ఆ గంటలో మాకు పెద్దబ్బాయి మాట గుర్తు రాకపోలేదు. కాని ఇంకో సంగతి కూడా తోచింది. మన తాతల తరం బొంబాయిలో ఓడ ఎక్కి హజ్‌కు వెళ్లేది. ఫోన్లు లేవు, షుగరు పరీక్ష చేసుకునే యంత్రాలు లేవు. రోజుల తరబడి సముద్రం మీద ఉండేవారు. వారిలో మా వయసువారూ ఉన్నారు. వాళ్లను అల్లాహ్‌కు అప్పగించి సాగనంపిన ఇళ్లే, నేడు అన్ని సౌకర్యాలూ ఉండి, పెద్దవాళ్లను పక్క ఊరికి కూడా ఒంటరిగా పంపడానికి భయపడుతున్నాయి.

చివరి మజిలీ మలక్కా. అక్కడ 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదుకు గుమ్మటం లేదు. మూడు అంతస్తుల వాలు పైకప్పు, పగోడా వంటి మినారు. ఆ నీడలో సాయంత్రం దాకా ఊరికే కూర్చున్నాం. పెళ్లయిన ఇన్నేళ్లలో పిల్లల చదువులు, పెళ్లిళ్లు, అప్పులు కాకుండా వేరే విషయం మేము అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

ఇప్పుడు ఆ మూడు మాటలకు జవాబు.

వయసు, ఆరోగ్యం: బిడ్డల భయం ప్రేమతో కూడినదే. దానికి జవాబు మొండితనం కాదు, తయారీ. డాక్టరును అడిగి వెళ్లాలి. మందులు, చీటీ చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ప్రయాణ బీమా తీసుకోవాలి. ఒకరోజు తిరిగితే ఒకరోజు విశ్రాంతి. లిఫ్టు ఉన్న బస, వేళకు భోజనం. రోజూ ఇషా తర్వాత ఇంటికి ఫోను. రెండో రోజు నుంచే మా అబ్బాయి గొంతులో భయం పోయి కుతూహలం వచ్చింది.

డబ్బు: ఫర్జ్ హజ్ చేయనివారు ముందు హజ్ సంగతి చూసుకోవాలి. అప్పులు, జకాత్, ఇవ్వాల్సిన వాటాలు ముందు తీరాలి. అప్పు చేసి విహారానికి వెళ్లడం ఎంతమాత్రం తగదు. ఇవన్నీ అయ్యాక హలాల్ సంపాదనలో మిగిలినదాన్ని దుబారా లేకుండా ఖర్చుపెడితే తప్పేమిటి? ఉమ్రా గొప్ప ఆరాధన. దాన్ని తక్కువ చేయడం లేదు. కాని ఒక్క వలీమాకు లక్షలు పోసినప్పుడు గుర్తురాని ఉమ్రా, ముసలి దంపతులు టికెట్టు కొన్నప్పుడే గుర్తుకు రావడం న్యాయమా?

నలుగురి మాట: ఆ నలుగురిలో ఇద్దరు మేము వచ్చాక ఇంటికొచ్చి, ఖర్చు ఎంతయిందని మెల్లగా అడిగి వెళ్లారు.

వెళ్లే స్తోమత లేనివారు ఎందరో ఉన్నారు. వారికోసం మసీదు కమిటీలకు ఒక్క విన్నపం. స్త్రీలను మసీదులకు రాకుండా ఆపవద్దన్న ప్రవక్త (స) మాట బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఈ విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. మేము ఫత్వా ఇచ్చేవాళ్లం కాము. కనీసం బస్సు స్టాండు, రైల్వే స్టేషన్ దగ్గరున్న మసీదుల్లో ప్రయాణికురాలి కోసం ఒక చిన్న గది, ఒక పరదా, ఒక కుళాయి ఏర్పాటు చేయలేమా? పరాయి దేశంలో మా ఆవిడకు దొరికిన చోటు, సొంత ఊరిలో మరో చెల్లెలికి దొరకాలి కదా!

పిల్లలకు ఒక మాట. అమ్మీ, అబ్బా మోకాళ్లు ఇంకా వంగుతుండగానే వాళ్ల పాస్‌పోర్టులు చీరల కింద నుంచి బయటకు తీయండి. మలేసియా కాకపోతే అజ్మీర్, అదీ కాకపోతే మచిలీపట్నం సముద్రం. ఆ పెద్దలిద్దరూ కలిసి వెళ్లడమే కావలసింది. ఆలస్యం చేస్తే ఇద్దరిలో ఒకరే మిగులుతారు. ఒకరే మిగిలాక ప్రయాణం చేయాలని ఎవరికీ అనిపించదు.

ముసాఫిర్ దుఆ తిరస్కారం కాదంటారు. అచే వీధిలోని ఆ తల్లి కోసం మేము చేసిన దుఆను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.