గర్భసంచి గోడలో ఒకచోట

గర్భసంచి లోపలి పొర నెలనెలా పెరిగి, నెలసరిలో ఊడిపోతుంది. ఆ పొర కణజాలం పక్కనున్న కండరంలోకి దిగి అక్కడే పాతుకుంటే అది అడినోమయోసిస్. కండరమంతా పాకితే సంచి మొత్తం ఉబ్బుతుంది. ఒక్కచోటే గుమిగూడితే ఫోకల్ అడినోమయోసిస్. 1860లోనే రోకిటాన్‌స్కీ అనే వైద్యుడు వర్ణించిన జబ్బు ఇది. మన ఇళ్లలో మాత్రం ఇప్పటికీ అన్నిటికీ ఒకటే మాట, ‘గడ్డ’.

చిక్కు అక్కడే. ఫైబ్రాయిడ్ అనే కండరపు గడ్డ సీతాఫలం గింజ లాంటిది, కండరాన్ని పక్కకు నెట్టి పెరుగుతుంది, ఒలిస్తే ఊడివస్తుంది. అడినోమయోసిస్ ఏమో పిండిలో కలిసిన నెయ్యి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. స్కానింగ్‌లో అంచు చెదిరి ఉంటుంది, లోపల చిన్న నల్లటి నీటి చుక్కలు, కింద విసనకర్ర విప్పినట్టు నీడలు. రక్తనాళాలు ఫైబ్రాయిడ్ చుట్టూ తిరుగుతాయి, దీనిలోంచి దూసుకుపోతాయి. అనుమానం తీరకపోతే ఎమ్మారై. ఈ తేడా ఆపరేషన్ బల్ల మీద కాదు, ముందే తేలాలి.

కొందరికి ఏ బాధా ఉండదు. మిగిలినవారికి కడుపును మెలిపెట్టే నొప్పి, ఆగని రక్తస్రావం. ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు పోతే దానితో సుమారు 40 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టే. తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు 1-2 మిల్లీగ్రాములు. ఆ లోటు పూడకపోతే రక్తహీనతే. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి వచ్చింది, దశాబ్దాలుగా రక్తహీనత మీద పనిచేస్తోంది. అయినా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో 100కి 57 మందికి పైగా రక్తం తక్కువే. హాస్టల్ అమ్మాయికి కళ్లు తిరిగితే సరిగా తినడం లేదంటారు. నెలసరి ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు అని అడిగేవారు తక్కువ.

అదే సర్వేలో 15-49 ఏళ్లవారిలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతా చూస్తే 100కి 3, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో 8. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకనే మాట తేలిగ్గా వస్తుంది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ ముందుకు జరగవచ్చన్నది ఆ మాటలో ఉండదు. నొప్పి మాత్రలు, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, హార్మోన్ మాత్ర డైనోజెస్ట్, అయిదేళ్లకు పైగా పనిచేసే హార్మోన్ లూప్ ముందు చూడాల్సినవి. పిల్లలు కావాలనుకునేవారికి లూప్ పనికిరాదు. జబ్బు ఉన్న ముక్కను మాత్రమే కోసి గోడ కుట్టవచ్చు, కానీ తర్వాత గర్భంలో ఆ కుట్టు చిట్లే ప్రమాదం ఉంటుంది, కాన్పు సిజేరియనే. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి జబ్బు తనంతట తనే చప్పబడుతుంది కనుక, 48 ఏళ్లామెకు అప్పటిదాకా మందులతో గడిపేయడమూ ఒక వైద్యమే.